రోజూ ఆ దారినే పోతావా

కదిరిలో పాత కార్లు అమ్మిపెట్టే ఓబన్నకు వెంకటరాముడి పేరు వింటేనే తల తిరిగేది. ఆదివారం తెల్లారితే చాలు, షెడ్డు ముందు ప్రత్యక్షం. చూపించిన ప్రతి బండి చుట్టూ తిరుగుతాడు, బానెట్ ఎత్తిస్తాడు, టైర్లు నొక్కి చూస్తాడు, బైపాసు దాకా తోలుకొస్తాడు, ఆఖరికి పెదవి విరుస్తాడు. ఒకదానిది ఎద్దులబండి నడకంటాడు. ఇంకొకటి ముసలోళ్లను కంటి ఆస్పత్రికి తీసుకుపోయే బండంటాడు.

"నీకు దినామూ డ్యూటీకి పోయే బండి కావల్నా, పందేలకు పోయే బండి కావల్నా?" అని ఓబన్న ఒకరోజు నిలదీశాడు.

"రెండిటికీ ఒకటే బండి కావల్ల," అన్నాడు వెంకటరాముడు.

వెంకటరాముడు నల్లమాడ కరెంటు సబ్‌స్టేషన్‌లో ఇంజనీరు. భార్య ప్రశాంతి అదే ఊరి ఆస్పత్రిలో నర్సు. కాపురం కదిరిలో. ఇన్నేండ్లూ ఒకే మోటారుసైకిల్ మీద ఎండకు మాడి, దుమ్ము తిని పోయొచ్చారు. ఇప్పుడామెకు ఐదో నెల. మోటారుసైకిల్ ఎక్కితే బిడ్డ దక్కదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకని కారు. మన గుంతల రోడ్లకు ఎత్తుగా ఉండే బండి, పెట్రోలు తక్కువ తాగే బండి చూసుకోమని అందరూ చెప్పారు. అతని చెవికెక్కలేదు. అతని నాయన గొర్లు కాసినవాడు. చిన్నప్పుడు ఇద్దరూ మందను రోడ్డు దాటిస్తుంటే ఒక ఎర్రకారు హారన్ కూడా కొట్టకుండా మందను చీల్చుకుపోయింది. చచ్చిన గొర్ల దగ్గర కూర్చుని నాయన ఏడ్చాడు. కొడుకు మాత్రం ఆ కారు పోయినవైపే చూస్తూ నిలబడ్డాడు. అట్లాంటిది ఒకటి తోలాలన్న ఆశ ఆరోజు పుట్టింది, చావలేదు.

చివరికి ఓబన్నే దారికొచ్చాడు. కొండకిందపల్లెలో మల్లికార్జున దగ్గర ఒక బండి ఉందన్నాడు. చెప్పేటప్పుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. కమిషన్ మాట ఎత్తలేదు. ఆ ఊరికి తీసుకుపోయి, తాను మాత్రం గేటు బయటే ఆగిపోయాడు.

మల్లికార్జునది పెద్ద ఇల్లు. భూములు, క్వారీ, రాజకీయం, పక్క ఊరితో తాతలనాటి పగ, అన్నీ ఉన్న ఇల్లు. మనిషి మాత్రం వెంకటరాముడంత వయసే, వెంకటరాముడంత ఎత్తే. కారు చింతచెట్టు కింద ఉంది. ఎర్రగా, నేలను కరుచుకున్నట్టు, వెనక రెక్కతో, దూకబోయే చిరుతలాగ. తాళం తిప్పగానే లోపల ఏదో గుర్రుమంది. వెంకటరాముడు ఊరవతలి దాకా తోలి వచ్చేసరికి అతని మొహం పదేండ్ల పిల్లోడి మొహమయింది. అయినా అలవాటు పోక, పడుకుని కారు అడుగు కూడా చూశాడు. అడుగంతా నున్నగా కడిగి, కొత్తగా నల్లరంగు కొట్టించి ఉంది. తుప్పు పట్టకుండా కొట్టించానన్నాడు మల్లికార్జున.

బండి గురించి వెంకటరాముడు అడిగినదానికంటే, అతని గురించి మల్లికార్జున అడిగిందే ఎక్కువ. ఎక్కువ ధర ఇస్తామని బెంగళూరు నుంచి ఒకరు, హిందూపురం నుంచి ఒకరు వచ్చారట. వాళ్లను తిప్పి పంపించాడట.

"రోజూ ఆ దారినే పోతావా?" అన్నాడు. "నల్లమాడ దారిన?"

"రోజూ అన్నా."

"సాయంత్రం గూడా?"

"ఇంకో దారి యాడుండాది?"

మల్లికార్జున భుజాలు దిగాయి, మోస్తున్న మూటను ఎవరో అందుకున్నట్టు. ధర వెంకటరాముడు చెప్పిందే ఖాయం చేశాడు. భుజం మీది ఎర్రంచు తువ్వాల తీసి డ్రైవరు సీటు మీద తన చేతులతో పరిచాడు. కొత్త బండికని ఊరిదేవత చౌడమ్మకు పొట్టేలు కోసేదాకా దాన్ని తీయొద్దని, అది తమ ఇంటి మర్యాదని చెప్పాడు. చెమటవాసన గుప్పుమంది. పెద్దింటివాడు మర్యాద చేస్తే కాదనడం ఎట్లా? వెంకటరాముడు దాని మీదే కూర్చుని ఇంటికి వచ్చాడు.

ప్రశాంతికి అది నచ్చలేదు. "ఎద్దును అమ్మినోడు మెడలో పలుపుతాడు గూడా ఇయ్యడు," అంది. "పలుపిస్తే ఇంటి లచ్చిమి పోతాదంటారు. ఈయప్ప ఒంటిమీది గుడ్డ ఇచ్చినాడేంది?"

కారు ఎద్దు కాదని వెంకటరాముడు నవ్వాడు. వేసవి పోయినాక పొట్టేలు కోద్దామన్నాడు.

నల్లమాడ దారిలో ఎర్రగుట్ట మలుపు దగ్గర ఒక కల్వర్టు ఉంది. రెండేండ్ల కింద అక్కడ నలుగురు చచ్చిపోయారు. ఎవరికోసమో నాటుబాంబులు, వేటకొడవండ్లు పెట్టుకుని కాపు కాస్తుంటే బాంబుల సంచి వాళ్ల మధ్యనే పేలిందని పేపర్లో వచ్చింది. ఎవరికోసమన్నది చుట్టుపక్కల ఊర్లకు తెలుసు. నోరు మాత్రం ఎవరూ విప్పలేదు. బస్సు ఆ మలుపు తిరిగేటప్పుడు జనం ఇంకోవైపు చూస్తారు, అంతే.

మొదటి వారం హాయిగా గడిచింది. లారీలు, ఆటోలు వెనకబడిపోతుంటే వెంకటరాముడు ఈల వేసేవాడు. ప్రశాంతి మెల్లగా పొమ్మని తిడుతూనే నవ్వేది.

తర్వాత నీళ్లు తగ్గడం మొదలయింది. వెనక సీటులో పెట్టిన నీళ్ల సీసా సాయంత్రం కల్వర్టు దాటేసరికి ఖాళీ అయ్యేది. మూత బిగించినట్టే ఉండేది. సీటు తడిసేది కాదు. నువ్వు తాగినావంటే నువ్వు తాగినావని మొగుడూ పెండ్లాం వాదులాడుకున్నారు. పెద్ద సీసా పెట్టారు. అదీ ఖాళీ. కారు డిక్కీ మీద, దుమ్ములో, అరచేతి గుర్తులు పడేవి. పిల్లల పని అనుకుని వెంకటరాముడు తుడిచేవాడు. ఒక గుర్తులో అరచేయి ఉంది, వేళ్లు లేవు. దాన్ని ప్రశాంతి చూడకముందే తుడిచేశాడు. ఓబన్నను అడిగితే, అమ్మినాక బండి సంగతి తనకెందుకని ఫోను పెట్టేశాడు.

రోహిణి కార్తెలో ఒకనాడు, ఇద్దరూ డ్యూటీ దిగి బయలుదేరేసరికి పడమట ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. ఊరు దాటగానే గాలి లేచింది. బీడు పడ్డ శనగచేన్ల మట్టంతా ఒక్కసారిగా పైకి లేచి పొద్దును మింగేసింది. ఇంకా దీపాలు పెట్టే వేళ కాలేదు, అప్పుడే చిమ్మచీకటి. అద్దాల మీద ఇసుక చిటపటమంటోంది. కారు దీపాల వెలుగు బారెడు దూరం పోయి, గోధుమరంగు గోడకు తగిలి ఆగిపోతోంది. వానవాసన కోసం ప్రశాంతి కిటికీ సందున ముక్కు పెట్టింది. వాన కాదు. మందుగుండు. దాని వెనకే కాలిన వెంట్రుకల కమురు.

మలుపు తిరిగాడు. దీపాల వెలుగులో, రోడ్డుకు అడ్డంగా... ఒక మనిషి.

వెంకటరాముడు బ్రేకు మీద నిలబడ్డాడు. కారు ఊగి ఆగిపోయింది. ఇంజన్ చచ్చింది. పడుకున్నవాడు మెల్లగా చేయి ఎత్తాడు. అరచేయి. వేళ్లు లేవు.

ప్రశాంతి చేయి అప్పుడే తలుపు మీదికి పోయింది. దెబ్బ తగిలినవాణ్ణి చూస్తే ఆమె కాళ్లు ఆగవు. వెంకటరాముడు ఆమె రెక్క పట్టుకున్నాడు. గాలి ఒక్కక్షణం ఆగింది. ఆ నిశ్శబ్దంలో, అతని చెవి పక్కనే, అద్దానికి అవతల...

"నీళ్లు..."

పైకప్పు మీద మొదటి దెబ్బ పడింది. రేకు చీలిన చప్పుడు. రెండో దెబ్బకు వెనక అద్దం పొడిపొడి అయింది. దుమ్ము, కమురు, వేడి లోపలికి దూసుకొచ్చాయి. నాలుగువైపులా కొడుతున్నారు. కొడవలి మొన పైకప్పులోంచి దిగి, అతని తలకు జానెడు దూరంలో ఆగి, మళ్లీ పైకి పోయింది. పక్క అద్దం పగిలింది. అందులోంచి ఒక మొహం లోపలికి వంగింది. దవడ లేదు. ఉన్న ఒక్క కంటితో సీటును చూసింది. తువ్వాలను చూసింది. కుక్క పసిగట్టినట్టు ముక్కుతో పీల్చింది.

"మల్లికార్జునా..." దవడ లేని గొంతులోంచి మాట ఎట్లా వచ్చిందో. "నీళ్లడిగితిమి గదరా..."

అవతలి కిటికీలోంచి కొడవలి ప్రశాంతి కడుపు మీదికి వచ్చింది. ఆమె చేయి అడ్డం పెట్టింది. ముంజేయి మోచేతి దాకా తెరుచుకుంది. నెత్తురు ఆమె ఒడిలోకి, అక్కణ్ణించి అతని తొడ కింది తువ్వాల అంచుకు పాకింది.

వెంకటరాముడు తాళం తిప్పాడు. ఇంజన్ పలికింది. రివర్సు వేసి తొక్కాడు. వెనక చక్రం దేనిమీదో ఎక్కి దిగింది. మెత్తగా. కింద ఏదో పుటుక్కుమంది. భయంతో ముందుకు తొక్కాడు. మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది. కారు తడబడలేదు. ఆ కుదుపు దానికి అలవాటే అన్నట్టుంది. అప్పుడు వెంకటరాముడికి, కడిగి రంగు కొట్టిన ఆ అడుగు కండ్ల ముందు ఆడింది.

ప్రశాంతి గాయాన్ని కొంగుతో బిగించి పట్టుకుంది. పెదవులు తెల్లబడ్డాయి. "మనల్ని గాదు," అని గుసగుసలాడింది. "ఆయప్పను అడుగుతాండారు."

"ఆస్పత్రికి..."

"ఆస్పత్రి దాకా ఇడుస్తారా వీళ్లు? ముందు ఆయప్ప ఇంటికి పోనీ."

కొండకిందపల్లె దారి పట్టేదాకా దెబ్బలు ఆగలేదు. దారి పట్టగానే ఆగిపోయాయి. అదే ఎక్కువ భయం. దుమ్ము మాత్రం వెనకే వస్తోంది, మంద వెనక కుక్కల్లాగ, తొందరలేకుండా.

ఊర్లో కరెంటు లేదు. మల్లికార్జున అరుగు మీద లాంతరు పెట్టుకుని ఒక్కడే ఉన్నాడు. పగిలిన కారు గేటులోంచి వచ్చి ఆగితే లేచి నిలబడ్డాడు. ప్రశాంతి చేతిని చూడలేదు. వెంకటరాముడిని చూడలేదు. ఖాళీ వెనక సీటును చూశాడు.

"ఈడికెందుకు తెస్తివి?" అన్నాడు.

"నీ పేరు పెట్టి పిలిచినారన్నా."

మల్లికార్జున అరుగు మీద కూలబడ్డాడు. దాచినా ప్రయోజనం లేదని తెలిసినవాడిలాగ గబగబా చెప్పేశాడు. బాంబులు పేలినప్పుడు తాను మలుపుకు అవతలే ఉన్నాడట. కారు ఆపి చూస్తే నలుగురికీ ప్రాణం ఉందట. చంపడానికి వచ్చినవాళ్లే నీళ్లు అడిగారట.

"ఎక్కిస్తి," అన్నాడు. "ముందుకు, ఎనక్కు. కదలకుండా పడేదాకా. ఎవరూ సూడలే. ఆపొద్దు నుంచి రోజూ సాయంత్రం ఈ గేటు కాడికి వస్తాండ్రి, లోపలికి రాలేక ఆడ్నే నిలబడతాండ్రి. బండి పోతే బండెంటే పోతారని... నా వాసన ఉంటే నువ్వే నేననుకుంటారని..." రెండు చేతులూ జోడించాడు. "నీకేం కావల్నో తీస్కో అన్నా. దాన్ని ఈణ్ణుంచి తోలుకపో. నాకు బిడ్డలుండారు."

వెంకటరాముడు కారు దిగి సీటు మీది తువ్వాలను లాగాడు. నెత్తురుతో బరువెక్కి ఉంది. ప్రశాంతి వద్దనలేదు. అతను దాన్ని అరుగు మీదికి విసిరాడు. మీదికి వచ్చిందాన్ని పట్టుకోవడం చేతుల అలవాటు. మల్లికార్జున పట్టుకున్నాడు, పట్టుకునే మళ్లీ దండం పెట్టాడు.

దుమ్ము గేటు దాటి లోపలికి వచ్చింది.

లాంతరు ఆరలేదు. ఆరినా బాగుండేది. కొడవండ్లు కనబడలేదు, దెబ్బలు కనబడ్డాయి. తుమ్మమొద్దు మీద గొడ్డలి పడ్డ చప్పుడు. జోడించిన చేతుల్లో ఒకటి మణికట్టు దగ్గర తెగి మెట్టు మీద పడింది, వేళ్లు ఇంకా దండం పెడుతున్నట్టే. భుజం విడిపోయింది. పరుగెత్తబోతే మోకాళ్ల వెనక నరికారు. పాకాడు. పాకుతుంటే వీపు మీద ఏదో బరువైనది ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కింది. పక్కటెముకలు ఎండుకట్టెల్లాగ విరిగాయి. రెండుసార్లు, మూడుసార్లు, కదలకుండా పడేదాకా. గోడకు నెత్తురు చిమ్మింది. ఆఖరున అతని నోరు తెరుచుకుంది. ఏమడిగాడో వెంకటరాముడికి వినబడింది. కాలు ముందుకు వేయబోయాడు. ప్రశాంతి కిటికీలోంచి మంచి చేయి చాచి అతని చొక్కా పట్టుకుని ఆపింది. ఎన్ని చావులు చూసిన చేయో అది.

గాలి పడిపోయింది. నక్షత్రాలు కూడా కనబడ్డాయి. ఇంటి లోపల తలుపు గొళ్లెం ఎవరో మెల్లగా వేసుకున్నారు.

అంతా అయిపోయిందనుకున్నాడు వెంకటరాముడు. వాళ్లకు కావలసింది దొరికింది. ఇక ప్రశాంతిని ఆస్పత్రికి చేర్చాలి. కొంగు నానిపోయింది, ఆమె తల పక్కకు వాలుతోంది. గబగబా వచ్చి కూర్చుని తాళం తిప్పాడు.

కారు వెనక కుంగింది.

ఒక మనిషి ఎక్కినంత. తర్వాత ఇంకొకసారి. ఇంకొకసారి... ఇంకొకసారి. తలుపులు తెరుచుకోలేదు. అద్దంలో చూశాడు. సీటు మీద ఎవరూ లేరు. మెత్త మాత్రం అణిగి ఉంది.

చీలిన పైకప్పుకు, లోపలినుంచి, అరచేత్తో రెండు దెబ్బలు. లారీ క్లీనర్ పోనీయమని తట్టినట్టు.

వెంకటరాముడు కారును గేటు దాటించాడు. ఎడమకు పోతే ఆస్పత్రి. కుడి దారి గుట్టల్లోకి పోతుంది. అటు ఊరు లేదు, ఇల్లు లేదు, ఆ దారి ఎక్కడ ఆగుతుందో అతనికి తెలియదు. ప్రశాంతి చేయి అతని చేతిని వెతుక్కుంటూ వచ్చింది. చల్లగా ఉంది.

స్టీరింగు ఎడమకు తిప్పాడు.

పైకప్పు మీద ఒక్క దెబ్బ పడింది... అటు కాదు, ఆపమన్నట్టు.