ఆదివారం ఆగిన గొంతు

"మా ఆవిడ గొంతు నొక్కేశాడండీ మా అల్లుడు," అన్నారు డ్రాయింగ్ మాస్టారు, కుర్చీలో కూర్చోకుండానే.

అసిస్టెంట్ పోలీసులకు చెయ్యడానికి ఫోన్ అందుకున్నాడు. డిటెక్టివ్ మాత్రం మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు. దేనికీ తొందరపడడు గనక వీధిలో అందరూ అతన్ని 'నిదానం' అంటారు.

"ఆవిడ ఇప్పుడెక్కడున్నారు?"

"పోయిన ఏడాది పోయిందండీ."

మాస్టారు ఇంట్లో ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టే మనిషి కాదు. అది తెలిసిన ఇల్లాలు మంచాన పడ్డాక, స్టవ్ ఎలా వెలిగించాలో, ఏ మాత్ర ఎప్పుడు మింగాలో, చివరికి కంప్యూటర్ ఎలా తుడవాలో కూడా తన గొంతుతో రికార్డు చేసి అందులోనే దాచింది. మొన్న ఆదివారం ఆ గొంతు మాట మధ్యలో ఆగిపోయింది. అప్పటినుంచీ కంప్యూటర్ పెట్టెలోంచి టక్ టక్ అని చప్పుడు తప్ప ఇంకేమీ రావడం లేదు.

"ఆ పొద్దున్నే వాడు దాని వెనకాల చెయ్యి పెట్టి కెలకడం నా కళ్లతో చూశాను. రేపటికల్లా మేడ మీది వాటా ఖాళీ చెయ్యమన్నాను. నేరం రుజువు చెయ్యండి, మా అమ్మాయి కళ్లు తెరుచుకుంటాయి."

మధ్యాహ్నం నిదానం, అసిస్టెంట్ ఇద్దరూ ఆ ఇంటికి వెళ్లారు. మాస్టారి గది అద్దంలా ఉంది. కీబోర్డు సందుల్లో నలుసు లేదు. స్పీకర్ల వాల్యూమ్ చివరిదాకా పెంచి ఉంచారు. కంప్యూటర్ పెట్టె ఇంకా నడుస్తూనే ఉంది. దాని కింద ఓ పసుపురంగు గుడ్డ సగం ఇరుక్కుపోయి ఉంది. మానిటర్ ఎత్తు కోసం కింద పెట్టిన అట్టపెట్టెను నిదానం వంగి చూశాడు. దాని సీలు ఎవరూ విప్పలేదు.

"ఈ కంప్యూటర్‌ని ఎవరూ ఆపలేదా?" అని అడిగాడు.

"ఆపితే మళ్లీ రాదేమోనని నేనే ఆపనివ్వలేదు," అన్నారు మాస్టారు.

మేడ మీద కూతురు బట్టలు సర్దుతోంది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది.

"ఆదివారం ఏం వినిపించిందమ్మా?"

"ఎప్పుడూ వినిపించేదేనండీ. నాన్న తుడవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి అయ్యేదాకా అమ్మ మాట్లాడుతూనే ఉంటుంది. ఆ రోజు దబ్బుమని చప్పుడైంది, వెంటనే అమ్మ ఆగిపోయింది."

"అప్పుడు మీవారు?"

"ఇక్కడే, నా పక్కనే. చెబితే మొగుణ్ణి వెనకేసుకొస్తున్నానంటారు నాన్న."

అల్లుడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. "ఆ పొద్దున అత్తయ్య మాటలకి కాపీ తీసిపెడదామని వైరు పెట్టడానికి చోటు చూశానండీ. మామయ్య కసిరేసరికి పైకొచ్చేశాను."

సాయంత్రం నలుగురినీ మాస్టారి గదిలో కూర్చోబెట్టాడు నిదానం. అసిస్టెంట్ అల్లుడి మీంచి చూపు తిప్పడం లేదు.

"మాస్టారూ, కంప్యూటర్ తుడవడం గురించి ఆవిడేం చెప్పారు?"

ఆయన ముఖం వెలిగింది. పాఠం అప్పజెప్పినట్టు, ఆవిడ యాసతో సహా మొదలుపెట్టారు. "ఏమండీ, ముందు దాన్ని ఆపండి. ప్లగ్గు తీసెయ్యండి. తర్వాతే పెట్టె కదపండి. పొడిగుడ్డతో..."

అక్కడ ఆగిపోయారు. చూపు పెట్టె కింది పసుపు గుడ్డ మీద పడింది.

"ఆపితే ఆవిడ మాట్లాడరు కదా," అన్నాడు నిదానం మెల్లగా. "అందుకే ఆవిడ మాట్లాడుతుండగానే తుడిచేవారు. ఆదివారం పెట్టె ఒరగదీసి గుడ్డ కిందకి తోశారు. చెయ్యి జారింది. గుడ్డ ఇంకా అక్కడే ఉంది. లోపల ఆ గొంతు దాగిన పళ్లెం లాంటిది గిర్రున తిరుగుతుంటుంది. తిరిగేటప్పుడు దెబ్బ తగిలితే గీసుకుపోతుంది. పొద్దున చెయ్యి పెట్టిన మనిషికి ఆ దబ్బుమన్న చప్పుడుతో సంబంధం లేదు, అప్పుడు అతను మేడ మీద ఉన్నాడు."

"జారింది. నిజమే," అన్నారు మాస్టారు. "ఇంత చిన్న దెబ్బకి అంత పని జరుగుతుందనుకోలేదు. బాగుచేసేవాళ్లుంటారు కదండీ?"

నిదానానికి ఆ క్షణంలో తన వృత్తి మీద అసహ్యం వేసింది. అయినా అబద్ధం చెప్పలేదు.

"వెంటనే ఆపి ఉంటే కొంత ఆశ ఉండేది మాస్టారూ. ఆదివారం నుంచీ లోపల గీసుకుంటూనే ఉంది."

పెట్టెలో టక్ టక్ ఇంకా కొడుతూనే ఉంది. మాస్టారు మానిటర్ కింది అట్టపెట్టె వైపు చూశారు. "ఇదేమిటో ఇన్నాళ్లూ అడగనే లేదు."

"కాపీ దాచుకునే డిస్కు, మామయ్యా," అన్నాడు అల్లుడు. "అత్తయ్యే కొనమన్నారు. తెచ్చినరోజు మీకు కోపంగా ఉంది. బల్ల మీద పెట్టి వెళ్లిపోయాను. గట్టిగా చెప్పాల్సింది."

"చెప్పినా నేను వినేవాణ్ణి కాదులే." మాస్టారు అల్లుడి చెయ్యి పట్టుకుని లేచారు. "ఖాళీ చెయ్యమన్నాను చూడు, ఆ మాట మర్చిపో నాయనా."

కూతురు ముఖం కొంగులో దాచుకుంది. అసిస్టెంట్ తలుపు దగ్గరికి నడిచాడు.

మాస్టారు కంప్యూటర్ పెట్టె ముందుకొచ్చారు. వేలు చాచి స్విచ్ నొక్కారు. చప్పుడు ఆగింది. వంగి ప్లగ్గు కూడా తీసేశారు.

"ఆపేశానే," అన్నారు, ఆవిడకి చెబుతున్నట్టుగా.

కింద ఇరుక్కున్న గుడ్డను ఆయన తీసుకునేలా అల్లుడు పెట్టెను రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు.