ఆరు సీసాల క్యారెట్

స్ఫాక్స్ ఉప్పుమడిలో లమీన్ శవం బోర్లా తేలింది. మెడలో ఒకే తూటా. ఆ మడి నీళ్లలోనే బతికే సూక్ష్మనాచును ల్యాబ్‌లో పెంచేది అతనే. అతని అలమరలో మూల నాచు సీసా లేదు.

"దాని సారం గాజుపళ్లెంలో క్యాన్సర్ కణాల్ని చంపింది," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్ ముఖ్తార్. "మనిషిలో పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలీదు. ప్రాణంతో ఉన్నది ఆ ఒక్క సీసాడే. మధ్యాహ్నం మార్సెయ్ వెళ్లే ఓడలో దేశం దాటిస్తున్నారు. తీసుకెళ్లేది ఓల్ఫా."

"మన ఓల్ఫానా సార్?" అన్నాడు ఏజెంట్ హెడీ.

"మూడేళ్లుగా మనకూ పనిచేస్తోంది, ఆ దొంగలకూ పనిచేస్తోంది."

క్యాన్సర్‌తో పోయిన భార్యను హెడీ రెండేళ్ల క్రితం పాతిపెట్టాడు. ఇప్పుడు కూతురు వఫాకు అదే జబ్బు.

లా గులెత్ రేవులో కస్టమ్స్ యూనిఫారమ్ తొడుక్కుని నిలబడ్డాడు. ఓల్ఫా వచ్చింది. నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫు. పెట్టెలో ఆరు సీసాలు. అన్నింట్లోనూ నారింజరంగు ఉప్పునీళ్లు, క్యారెట్ ముక్కలు.

"మా అత్తకు ఊరగాయ," అంది నవ్వుతూ. "ఆ టోపీ నీకు నప్పలేదు హెడీ."

స్కానర్ ఆరింటినీ ఒకేలా చూపింది. ఓడ మొదటి హారన్ మోగింది.

హెడీ తల్లి ఉప్పుమడుల్లో పనిచేసి పోయింది. నీళ్లలో ఉప్పెంతో ఆమె గుడ్డు వేసి చెప్పేది. అతను పక్కనే బ్రిక్ అనే గుడ్డు సమోసాలు వేయించేవాడి బండి మీంచి ఒక పచ్చి గుడ్డు, ఒక టీ గ్లాసు తీసుకున్నాడు.

మొదటి సీసా నీళ్లు గ్లాసులో పోసి గుడ్డు వదిలాడు. నాణెమంత మేర నీళ్ల పైకి తేలింది. ఇంటి ఊరగాయ. రెండు, మూడు, నాలుగూ అంతే. ఓల్ఫా నవ్వు ఆగింది.

ఐదో సీసా నీళ్లలో గుడ్డు పక్కకు వాలి సగం బయటికి తేలింది. అంత ఉప్పు ఏ ఆడదీ ఊరగాయలో వేయదు. అది ఉప్పుమడి నీరు.

రెండో హారన్. ఓల్ఫా తాగే నీళ్ల బాటిల్ మూత తీసి, తెరిచి ఉన్న ఆ సీసా మీదికి వంచింది.

"మంచినీళ్లు పడితే నాచు పగిలి చస్తుంది. దారి వదులు."

హెడీ అరచేత్తో సీసా నోరు మూశాడు. నీళ్లన్నీ అతని చేతి మీద పడి నేల మీదికి కారాయి. రేవు గార్డులు ఆమె రెక్కలు పట్టుకున్నారు.

"ఇది మందయ్యేసరికి పదేళ్లు పడుతుంది," అంది ఓల్ఫా. "వఫాకు అన్నేళ్లున్నాయా?"

"లేవు," అన్నాడు హెడీ. సీసాకు మూత బిగించాడు.

"ఆఫీసరు గారూ, ఆ గుడ్డు నాది," అన్నాడు బ్రిక్‌వాడు.

ఇచ్చేశాడు. వాడు దాన్ని పల్చటి పిండి రేకులో పగలగొట్టి, మడిచి నూనెలో వేశాడు. ఆ రోజు ఆ రేవులో ఒక మనిషికి వెంటనే పనికొచ్చింది ఆ గుడ్డొక్కటే.