బల్ల మీది ఎర్ర సీసా

శనివారం పొద్దున దైరి లేచేసరికి కూతురు కోనియో పొయ్యి దగ్గర పిండి ఉండలు వేయిస్తోంది. అతను చాప మీద కూర్చుని పచ్చి వక్క పళ్ళతో ఒలిచాడు. తమలపాకు తీగ కాయను సున్నంలో అద్ది కొరికాడు. కాసేపటికి నోరు ఎర్రబడింది. నేల పలకల మధ్య సందు ఉంది. వంగి, గురి చూసి అందులోకి ఉమ్మాడు. ఇల్లు సముద్రం మీద గుంజలపై నిలబడింది. అందుకే ఊళ్ళో అందరూ అలాగే ఉమ్ముతారు.

"పొద్దున్నే మొదలెట్టావా నాన్నా?"

"సముద్రంలోకి ఉమ్మానే తల్లీ, నీ పళ్ళెంలోకి కాదుగా."

"ఆటుకు సముద్రం వెనక్కి తగ్గినప్పుడు కిందికి దిగి చూశావా ఎప్పుడైనా? గుంజలు మాంసం కొట్టు గోడల్లా ఉన్నాయి."

"సోమవారం నుంచి మానేస్తాలే."

"ఏ సోమవారం? అమ్మ బతికున్నప్పటిదా?"

దైరి నవ్వాడు. పన్నెండేళ్ళుగా ఇదే మాట. క్లినిక్‌లో పుండ్లు పడ్డ నోళ్ళ ఫోటోలు చూపించారు. చూసి బయటికొచ్చి, గేటు దగ్గరే వక్కలు కొన్నాడు. చర్చిలో అందరి ముందూ ఒట్టేశాడు. పది రోజులు ఆగాడు.

బస్సులో ఉమ్మితే దించేస్తారు. అందుకని సంచిలో ఓ నీళ్ళ సీసా పెట్టుకుంటాడు, ఉమ్మడానికి. నిన్న రేవు నుంచి వస్తూ సగం నింపాడు. ఇంటికొచ్చి బల్ల మీద పెట్టి మరిచిపోయాడు. కోనియో ఎర్ర షర్బత్ కలిపి పోసేదీ అలాంటి సీసాలోనే.

"తాతా, నీకు షర్బత్ తెచ్చా!"

నాలుగేళ్ళ మనవరాలు గేవా ప్లాస్టిక్ కప్పు అతని ముందు పెట్టింది. రెండో కప్పు తన చేతిలో ఉంది, దాదాపు ఖాళీగా. గడ్డం మీద ఎరుపు. పెదవికి వక్క పీచు అంటుకుని ఉంది.

"జిగటగా ఉంది తాతా. తియ్యగా లేదు."

దైరి తన కప్పులోకి చూశాడు. పైన నురగ తేలుతోంది. పిల్లను లాక్కుని నోట్లో వేలు పెట్టాడు. గేవా అతని ఒళ్ళోనే కక్కింది. కోనియో పరుగెత్తుకొచ్చి సీసా వాసన చూసింది. అరవలేదు. పిల్ల నోరు మూడుసార్లు పుక్కిలింపించింది. తర్వాత వచ్చి తండ్రి ఎదురుగా కూర్చుని కప్పు ముందుకు తోసింది.

"తాగు."

"కోనియో..."

"నీ నోట్లోంచి వచ్చిందేగా. నా బిడ్డ తాగింది. నువ్వూ తాగు నాన్నా."

అతను కప్పు ఎత్తాడు. పులిసిన సున్నం కంపు ముక్కుకు తగిలింది. కప్పు దించేశాడు.

"నావల్ల కాదమ్మా."

"మేం ఇందులోనే బతుకుతున్నాం. సాయంత్రం మా అత్తగారింటికి పోతున్నాం. గేవా ఇక అక్కడే పెరుగుతుంది."

దైరి సున్నం డబ్బా, వక్కలూ తీసుకెళ్ళి సముద్రంలో విసిరాడు.

"ఇదీ చూశాం," అంది కోనియో. "రేపు మళ్ళీ కొంటావు."

ఆటుకు నీళ్ళు తగ్గాక దైరి కత్తి, బకెట్టు తీసుకుని నిచ్చెన దిగాడు. సందు కింద నాలుగు గుంజలకూ ఎరుపు పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. గీకితే పెచ్చులుగా ఊడింది. లోపలి పొర నల్లగా ఉంది. రెండుసార్లు వాంతి వచ్చింది. నాలుక వక్క కోసం పీకింది. పీకినప్పుడల్లా కత్తి గట్టిగా నొక్కాడు. బురదలో ఏదో తగిలితే తీశాడు. గేవా బొమ్మ పడవ. తెరచాప తెల్లగా ఉండేది. పిల్ల ఆడుకునేది ఇక్కడేనని అతనికి అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ గురి చూసి ఉమ్మింది ఇక్కడికే. పడవను పొట్టకు ఆనించుకుని బురదలోనే కూర్చుని ఏడ్చాడు.

సాయంత్రానికి ఒక గుంజ శుభ్రమైంది. నిచ్చెన పైన కోనియో సంచి పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. ఎప్పట్నుంచి చూస్తోందో. తాడు కట్టి ఓ సీసా కిందికి వదిలింది.

"నీళ్ళే. చూసుకుని తాగు."

దైరి సీసాను వెలుతురుకు పట్టి చూశాడు. తాగాడు.

"ఎప్పుడు బయల్దేరుతున్నారు?"

కోనియో గుంజల వైపు చూసింది.

"ఇంకా మూడున్నాయిగా," అని సంచి లోపలికి తీసుకెళ్ళింది.