అక్వారా కోటకు వెళ్ళిన చిత్తరువు

చిత్తడినేలల నడుమ, సముద్రపు ఉప్పుగాలికి పాలరాతి స్తంభాలు పాచిపట్టిన రవెన్నా నగరంలో, పశ్చిమ రోమక సామ్రాజ్యం తన చివరి రోజులను మహావైభవంగా వెళ్ళదీస్తూ ఉంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. సగం రాజ్యం పరజాతుల పాలైనా, సభలో ఎవరు ఎంత దూరాన మోకరిల్లాలన్న విషయంలో మాత్రం అణుమాత్రం లోటు రాలేదు.

చక్రవర్తి గతించాక కిరీటం ధరించిన సామ్రాజ్ఞి లియోంతియాకు ఒక్కతే కూతురు, మాక్రీనా. ఆమె భర్త, సేనాధిపతి తెరెంతియస్, ఉత్తరాన అక్వారా కోటలో శత్రువుల ముట్టడిలో చిక్కుకున్నాడు. మాక్రీనా కూడా అక్కడే ఉంది. మూడువేల మందిని పంపితే కోట నిలుస్తుందని అతడు వ్రాశాడు.

మహామంత్రి సెరేనస్ సామ్రాజ్ఞికి స్వయానా తమ్ముడు. అక్క తరువాత సింహాసనం అల్లుడికి పోతుందన్న బెంగతో చిక్కిపోవలసినవాడు, ఎందుకో లావెక్కాడు.

"దేవీ, తమరు పట్టాభిషిక్తులైన పిదప తమ చిత్తరువు ఊరూరా ఊరేగినది. ద్వారాలు తెరిచి, ఆయుధాలు విడిచి, దీపాలతో ఎదురేగి సాగిలపడని నగరం అక్వారా ఒక్కటే. తమ ఏలుబడిని ఒప్పుకొనని కోటకు తమ సైన్యాన్ని ఎట్లు పంపుదుము? ముందు చిత్తరువు వెళ్ళవలెను. వారు సాగిలపడిన మరునాడే సైన్యం కదులును" అన్నాడు.

కన్నకూతురి ప్రాణం ఒక పక్క, తన బొమ్మకు దండం మరొక పక్క. లియోంతియా సరేనన్నది. పైగా చెక్కపై గీసిన ఆ బొమ్మలో ఆమెకు పదేళ్ళు తగ్గాయి.

బండి మీద వచ్చిన చిత్తరువుకు శత్రువులు నవ్వుకుంటూ దారి వదిలారు. కోట తలుపులు ఊరికే తెరుచుకుంటే వారికి మాత్రం చేదా? తెరవకుంటే రాజద్రోహమని బండి వెంట వచ్చిన రాయబారి కేకవేయగా, మాక్రీనా గోడపైకి వచ్చింది.

"మా అమ్మకు నా మాటగా చెప్పండి. ఆమె ముఖం నేను పుట్టిననాటి నుండి ఎరుగుదును. గుర్తుపట్టడానికి తలుపు తీయనక్కరలేదు. లోపల ఏడువందల మంది ఉన్నారు. వారి ప్రాణాలను ఒక చెక్కకు నైవేద్యం పెట్టను."

రవెన్నాలో ద్రోహుల పట్టికలో కూతురి పేరు చేరింది. దాని కింద లియోంతియా, ఏలినవారికే చెల్లే ఊదారంగు సిరాతో సంతకం చేసింది. అక్షరాలు చక్కగానే పడ్డాయి. సైన్యం కదలలేదు. నలభై రోజులకు కోట కూలింది.

శత్రువులే బండిలో వేసి పంపిన ఒక అక్వారా సైనికుణ్ణి సభకు తెచ్చారు. తెరెంతియస్ ద్వారం దగ్గర పోరాడుతూ పడిపోయాడనీ, మాక్రీనా కూడా అతని పక్కనే మరణించిందనీ అతడు చెప్పాడు. సామ్రాజ్ఞి, "చివరికైనా మాకు దండం పెట్టినదా?" అని అడిగింది.

"లేదు. నలభై రోజులూ, ప్రతి ఉదయం మా ముందుకు వచ్చి, 'మా అమ్మ సైన్యం బయలుదేరింది, ఇంకొక్క రోజు ఓర్చుకోండి' అనేవారు. అది అబద్ధమని మాకు తెలుసును. మీ పరువు కోసం చెబుతున్నారని, మేమూ నమ్మినట్టే నిలబడ్డాము."

సెరేనస్, ఈ సైనికుడు మోకరిల్లకుండా మాట్లాడాడని సభకు గుర్తుచేశాడు. ఊతకర్ర మీద నిలబడిన ఆ మనిషికి కుడికాలు మోకాలి నుండి లేదు.