ప్యాకీ గారి మంగళవారం

"తాతగారు రోజూ మీ గురించే చెప్పేవారండీ."

ఈ ఒక్క మాటతో కార్మాక్ తన కొంప తానే ముంచుకున్నాడు.

ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో, శ్మశానం పక్క చిన్న చర్చి ముందు, సన్నటి వానలో, రెండు వందల మంది వరసలో నిలబడ్డారు. పోయినాయన ప్యాకీ గిల్హూలీ. పదిహేడో ఏట ఐర్లండ్‌లోని లీట్రిమ్ జిల్లా నుంచి వచ్చి, ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ ఇక్కడి రోడ్లు తవ్వి, ఎనభయ్యో ఏట ఒంటరిగా పోయాడు. 'ఆయనకి నా అన్నవాళ్లు లేరు, వీలైతే రండి' అని ఐరిష్ సెంటర్ వాళ్లు కబురు పెడితే, ఆయన ముఖం ఎరగనివాళ్లు కూడా పనులు మానుకుని వచ్చేశారు. మా ఐరిష్ వాళ్లంతే. పెళ్లికి ఎగ్గొడతారేమో గానీ చావుకి మాత్రం తప్పరు.

గోడలకి ప్లాస్టరింగ్ చేసే మన కార్మాక్ కూడా అలా వచ్చినవాడే. వరస ముందు నల్లకోటు అమ్మాయి ఒక్కతే నిలబడి, వచ్చినవాళ్లందరికీ చెయ్యి అందిస్తూ, ప్యాకీ ఫొటో ఉన్న చిన్న కార్డు ఇస్తోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. హమ్మయ్య, చివరికి మనవరాలెవరో దొరికిందన్నమాట అనుకున్నాడు.

అతనికో జబ్బుంది. ఎవరైనా ఏడుస్తుంటే చూడలేడు. ఏదో ఒక తియ్యటి అబద్ధం చెప్పేస్తాడు.

"నా గురించా?" ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "నిజంగానా? ఏమనేవారు?"

"మీరంటే ప్రాణం అనేవారు."

ఆమె అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. వెనక వరస ఆగిపోయి, ఎవరో దగ్గారు కూడా.

ఇది మంగళవారం. గురువారం నాడు కార్మాక్ సెంటర్ వాళ్ల మినీబస్సు ఎక్కాడు. వారం వారం ముసలివాళ్లని మధ్యాహ్నం భోజనానికి తీసుకొచ్చే డ్రైవర్‌గా వాలంటీరు పని. కాగితాలు పట్టుకుని, ఎవరెవర్ని ఎక్కించుకోవాలో చెప్పడానికి ఆ అమ్మాయే ఎదురుగా వచ్చింది.

"మీరు ఆయన మనవరాలు కదా?"

"కాదు. నేను క్లోడా, ఇక్కడి ఉద్యోగిని. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లకెళ్లి బాగోగులు చూస్తాను. మీరు ప్యాకీ గారి స్నేహితులు కదా?"

"నేనసలు ఆయన్ని చూడనే లేదండీ. మీరు ఏడుస్తున్నారని..."

"ఓదార్చారా?" ఆమె చేతిలో కాగితాలు మడిచేసింది. "ఏడు నెలలు ప్రతి మంగళవారం వెళ్లాను. తలుపు గొలుసు ఒక్కసారైనా తియ్యలేదాయన. ఆ సందులోంచే భోజనం డబ్బా తీసుకునేవారు, పాత డబ్బా కడిగి ఇచ్చేవారు, 'నాకేం లోటు లేదు, వెళ్లిరా' అనేవారు. ఆయన పోయాకే ఆ గడప దాటాను. ఒక కుర్చీ, తలుపు పక్కన మూత తియ్యని రెండు పెయింట్ డబ్బాలు. అంతే ఆ ఇల్లు. ఆయనకి నేనో పీడనే అనుకున్నాను. మీరొచ్చి అలా అన్నాక రెండు రోజులు ఎంత సంతోషంగా ఉన్నానో తెలుసా?"

కార్మాక్‌కి భూమిలోకి దిగిపోవాలనిపించింది. మొదటి సీట్లో ఇదంతా వింటున్న ఎనభై నాలుగేళ్ల డిలియా మామ్మ మాత్రం, "సినిమా అయిపోయిందా? నాకు ఆకలేస్తోంది," అంది.

ఆ తర్వాత గురువారాలు ఎలా గడిచాయంటే, క్లోడా అతనితో అడ్రసులు తప్ప మరో మాట మాట్లాడేది కాదు.

"ఈ పచ్చ కోటు మీకు బాగుందండీ."

"ఇదీ ఓదార్పేనా?"

డిలియా మామ్మ పకపకా నవ్వేది. "ఒరేయ్ అబ్బాయ్, నీ అబద్ధాలు నాకు చెప్పు, నేను కాదనను. నా సోడా బ్రెడ్ ఎలా ఉంది?"

"అమృతం మామ్మా!"

క్లోడా అద్దంలోంచి చూసిన చూపుకి బస్సు గేరు తప్పింది.

ఒకరోజు జోరువానలో మామ్మ బూటు తాడు ఊడితే, క్లోడా తడి రోడ్డు మీద మోకాళ్లూని కట్టింది. కట్టి లేచి, జుట్టులోంచి నీళ్లు కారుతుంటే నవ్వింది. కార్మాక్ పని ఆ క్షణంలోనే అయిపోయింది. ప్రేమ అంటే అదే, ఇక అనుమానమేం లేదు. కానీ చెప్తే నమ్మేదెవరు? 'నువ్వంటే ప్రాణం' అనే మాటని శ్మశానంలోనే ఖర్చు పెట్టేశాడాయె!

ప్యాకీ పోయి నెల కావస్తోంది. ఆయన పేరిట చర్చిలో జరిగే నెల పూజకి ముందురోజు, శనివారం, కార్మాక్ క్షవరం చేయించుకుందామని యూసుఫ్ కొట్టుకి వెళ్లాడు. జేబులోంచి ఫోను తీస్తుంటే ప్యాకీ కార్డు కింద పడింది.

"అరే, ఈయన నా సోమవారం పెద్దాయన!" కత్తెర ఆగింది. "ఏమైంది తమ్ముడూ? నెల నుంచి రావట్లేదు."

కార్మాక్ చెప్పాడు. యూసుఫ్ పక్క కుర్చీలో కూలబడ్డాడు. తేరుకుని, ఆ పెద్దాయన గురించి అతను మొదలుపెట్టిన కబుర్లు విని కార్మాక్ సగం కటింగ్‌తోనే లేచి నిలబడ్డాడు.

"అన్నా, రేపు నువ్వు నాతో రావాలి. ఇదంతా నేను చెప్తే ఆ అమ్మాయి నమ్మదు."

ఆదివారం పూజ అయ్యాక సెంటర్‌లో అందరూ టీ తాగుతున్నారు. యూసుఫ్ క్లోడా ఎదురుగా టోపీ తీసి నిలబడ్డాడు.

"ప్రతి సోమవారం గడ్డం గీయించుకునేవారమ్మా. ఈ వయసులో ఎవరికోసమండీ అంటే, 'రేపు మంగళవారం, ఒక పిల్ల వస్తుంది. మా పక్క జిల్లా రోస్కామన్‌ది, పాపం అది దాని తప్పు కాదులే' అనేవారు."

క్లోడా కప్పు కింద పెట్టి కార్మాక్ వైపు తిరిగింది. "ఈయనకి ఎన్ని రోజులు నేర్పించావ్?"

"ఏమ్మా, నేను నీకు చిలకలా కనిపిస్తున్నానా?" యూసుఫ్‌కి రోషం వచ్చింది. "తలుపు తీసి లోపలికి రమ్మనొచ్చుగా అన్నాను. 'ఆ గోడల్ని చూపించమంటావా దానికి? ముందు రంగు వెయ్యనీ' అన్నారు. రెండు డబ్బాలు కొన్నారు. లేత పసుపు. ఆ రంగు ఎంచింది నేనే!"

ఆ డబ్బాల్లో ఉన్నది ఏ రంగో క్లోడా ఎవరికీ చెప్పలేదు. "లేత పసుపే," అంది, అని రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరుమంది.

కార్మాక్ నాలుక చివరిదాకా ఏదో తియ్యటి మాట వచ్చింది. మింగేశాడు. ఊరికే పక్కన కూర్చుని రుమాలు ఇచ్చాడు.

చాలాసేపటికి క్లోడా ముక్కు తుడుచుకుంది. "ఒక నిజం చెప్పు. ఒక్కటి."

"డిలియా మామ్మ బ్రెడ్ ఇటుక. గోడలో పెట్టి ప్లాస్టరింగ్ చెయ్యొచ్చు."

"ఒరేయ్!" అని వెనకనుంచి కేక.

"ఇంకొకటి కూడా ఉంది," అన్నాడు తల వంచుకుని. "నువ్వంటే నాకు ఇష్టం, క్లోడా. ఓదార్పు కాదు."

ఆమె అతని సగం కటింగ్ వైపు చూసి, ఏడుపులోనే నవ్వేసింది. "మంగళవారాలు నాకిప్పుడు ఖాళీ. ఎల్లుండి మా ఇంటికి రా. తలుపు తీస్తాను."

సోమవారం పొద్దున్నే యూసుఫ్ కొట్టు తెరిచేసరికి గుమ్మంలో కార్మాక్ నిలబడి ఉన్నాడు.

"కటింగ్ పూర్తి చెయ్యాలా?"

"అది కూడా. గడ్డం ముందు గియ్యి అన్నా," అన్నాడు కార్మాక్, ప్యాకీ గారు కూర్చునే కుర్చీలో కూర్చుంటూ. "రేపు మంగళవారం."