మిద్దె మీద మిషన్

తెల్లవారి ఐదున్నరకు మొదటి శిక్షణ విమానం కాలనీ మీదుగా పోయిందంటే పెద్దసుబ్బయ్య వంటింట్లో చెంబులు కదులుతాయి. ఇక ఆ ఇంట్లో గడియారంతో పని లేదు. వయసు మీదపడి అంగడి మూసేసి, ఇకనైనా కాస్త పొద్దెక్కేదాకా పడుకుందామనుకున్న మనిషికి, రెండేళ్లుగా ఆ భాగ్యం లేకుండా పోయింది. ఊరి పక్కనున్న మున్సిపాలిటీ విమానాశ్రయానికి ప్రయాణికులు వచ్చేది తక్కువే. పైలట్లను తయారుచేసే బడి ఒకటి అక్కడ చేరి, బుల్లి విమానాలను పొద్దస్తమానం ఊరి చుట్టూ తిప్పుతూ ఉంటుంది.

జనం మొత్తుకోగా మొత్తుకోగా మున్సిపాలిటీ వాళ్లు ఒక పర్యవేక్షణ కమిటీ వేశారు. మాట మీద నిలబడే మనిషని కాలనీ తరఫున పెద్దసుబ్బయ్యను అందులో కూర్చోబెట్టారు. శబ్దం కొలిచే మిషన్‌ను కూడా ఆయన మిద్దె మీదే బిగించారు. లెక్క దానంతటదే ఆఫీసుకు పోతుంది. ప్రతి సోమవారం మిద్దె ఎక్కి, మిషన్‌కు ఏదీ అడ్డం లేదని చూసి, పుస్తకంలో సంతకం పెట్టడమే ఆయన పని. మూడు నెలల లెక్కలో శబ్దం హద్దు దాటితే తెల్లవారుజాము విమానాలు ఆపాలని ఒప్పందం.

ఆ పొద్దున చెన్నమ్మ మొగుడి చేతికి కాఫీ ఇచ్చిందో లేదో, పక్కింటి మద్దిలేటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. రాత్రంతా బేతంచెర్ల బండల లారీ తోలి, పగలు పడుకోవాల్సిన మనిషి. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

“రిపోర్టు వచ్చిందంట సుబ్బన్నా. మన కాలనీలో శబ్దమే లేదంట. నిద్ర చాలక రాత్రి లారీని గట్టు మీదికి ఎక్కించినా. అది కూడా ఉత్తదేనా?”

“అట్లెట్లుంటాది? మిషన్ తప్పు చెప్తాండాదేమో.”

“మిషన్ ఉండేది నీ మిద్దె మీద. నీ కొడుకు పని చేసేది ఆ బడిలో. జనం ఏమనుకుంటాండారో నా నోటితో చెప్పియ్యద్దు. పదకొండుకు మీటింగు ఉండాది గదా, ఏమి చెప్తావో ఆడ చెప్పు.”

నలభై ఏళ్లు అంగడిలో తక్కెడ పట్టిన పెద్దసుబ్బయ్యను ఎవరూ ఇంత మాట అనలేదు. కాఫీ అక్కడే పెట్టేసి మెట్ల దగ్గరికి నడిచాడు. గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగి ఆయాసం తీర్చుకుంటూ పైకెక్కాడు. మిషన్‌కు ప్లాస్టిక్ కవరు తొడిగి, దాని మీద తడి గోనెపట్టను నాలుగు మడతలు చుట్టి, పురికొసతో బిగించి కట్టి ఉంది. నీళ్లు ఇంకా బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

ఆయన కిందికి దిగేసరికి కొడుకు వాసుదేవ్ యూనిఫాం వేసుకుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. ఆ బడిలో విమానాలకు ఇంధనం పట్టే పని అతనిది. భార్య కాన్పుకని ఆత్మకూరులో పుట్టింటికి పోయి ఉంది.

“ఎవురికి అమ్ముడుపోయినావురా?” అన్నాడు పెద్దసుబ్బయ్య.

“ఏంది నాయనా?”

“మిషన్‌కు గోనెపట్ట కట్టింది నువ్వు కాదా?”

వాసుదేవ్ ముఖం పాలిపోయింది. లేసు చేతిలోనే ఉండిపోయింది.

“కట్టింది నేను కాదు. చూసినా మాత్రం నిజమే. నెల దినాలాయ. తీసేద్దామని చెయ్యి కూడా పెట్టినా. తీస్తే లెక్క పెరుగుతాది, పొద్దున విమానాలు ఆపుతారు, బడి వాళ్లు ఇంకో ఊరికి పోతారు. మళ్లీ నాకు యాడ దొరుకుతాది పని? వచ్చే నెల బిడ్డ పుడతాది. అందుకే చూడనట్టు దిగి వచ్చినా.”

“అంటే, నాయన పరువు బజార్న పడతాదని తెలిసి కూడా నోరు మూసుకున్యావు!”

పెద్దసుబ్బయ్య కోపంతో చెయ్యెత్తాడు. పెళ్లయిన కొడుకు మీద ఆ చెయ్యి ఎప్పుడూ లేవలేదు. చెన్నమ్మ పరుగున వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

“వాణ్ని ఎందుకు కొడతావయ్యా? కట్టింది నేను.”

ఆమె మిద్దె వైపు చెయ్యి చూపింది.

“ఈ ఎండలకు పట్ట చుట్టకపోతే కుండలో నీళ్లే మరిగిపోతాండాయి. అదేమో కరెంటు వస్తువు, సర్కారు సొత్తు. ఎండకు పగిలిపోతే నీ మీదికి వస్తాదని భయపడి, మిషన్ పెట్టిన రెండో వారమే, తడి లోపలికి పోకుండా కవరు తొడిగి కట్టినా. పొద్దున చెంబెడు, సాయంత్రం చెంబెడు నీళ్లు పోస్తాండా. వారం వారం పుస్తకం పట్టుకొని మెట్లెక్కి చూసి వస్తాంటివి గదా నువ్వు? నువ్వేమీ అనలే. సరిగానే చేస్తాండాననుకున్యా.”

ఎత్తిన చెయ్యి ఎప్పుడు దిగిందో పెద్దసుబ్బయ్యకే తెలియదు. అరుగు మీద కూలబడ్డాడు. మొదటి సోమవారం ఎక్కాడు. రెండో సోమవారం ఐదో మెట్టు దగ్గరే మోకాళ్లు మొరాయించాయి. చేతకాదని చెబితే ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతారు. ఆఫీసులో ‘సుబ్బయ్యగారూ’ అని పిలిచి మంచినీళ్లిచ్చే మర్యాద పోతుంది. ఆ మెట్టు మీదే కూర్చుని సంతకం పెట్టాడు. ఆ తర్వాత ప్రతి సోమవారమూ అంతే. ఇల్లంతా తనను నమ్మింది, ఊరంతా తనను నమ్మింది.

“నేను ఎక్కలేదే చెన్నమ్మా,” అన్నాడు. “ఒక్కసారి తప్ప ఎక్కనే లేదు.” పైపంచె కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. చెన్నమ్మ ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

పదిన్నరకు వాసుదేవ్ బండి తీశాడు.

“నువ్వు రావద్దప్పా,” అన్నాడు పెద్దసుబ్బయ్య. “ఆ బడి మేనేజరు కూడా ఆడ ఉంటాడు. నీ పనికి మోసం వస్తాది.”

“చూసి ఊరకున్యోణ్ణి నేను. ఎక్కు నాయనా.”

మీటింగులో పెద్దసుబ్బయ్య ఏదీ దాచలేదు. గోనెపట్ట సంగతి చెబుతుండగానే గదిలో గుసగుసలు మొదలయ్యాయి. చూపులన్నీ గుమ్మం దగ్గర యూనిఫాంతో నిలబడ్డ వాసుదేవ్ మీదికి తిరిగాయి.

“వాణ్ని చూడొద్దండి, నన్ను చూడండి,” అన్నాడు పెద్దసుబ్బయ్య. “మా ఆడమనిషి తెలియక కట్టింది. మావాడు కడుపు కోసం భయపడినాడు. చూసేదానికి మీరు పెట్టుకున్యోణ్ణి నేను. చూడకుండా సంతకాలు పెట్టింది నేను.”

మద్దిలేటి తల దించుకున్నాడు. కమిటీ నడిపే మున్సిపాలిటీ అధికారి ఆ మూడు నెలల లెక్క కొట్టేశారు. మిషన్‌ను మద్దిలేటి మిద్దె మీద పెట్టి మళ్లీ కొలవాలని, అంతవరకు ఏడు గంటల లోపు విమానాలు లేపకూడదని రాయించారు. పెద్దసుబ్బయ్య కుర్చీలో ఇంకొకరిని ఎన్నుకోమన్నారు. బడి మేనేజరు వాసుదేవ్‌ను ఒకసారి ఎగాదిగా చూసి లేచి వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు వాసుదేవ్ బండి నిదానంగా తోలాడు. ఎండ నెత్తి మాడ్చేస్తోంది.

“రేపు నన్ను పనిలోకి రానిస్తారో లేదో నాయనా.”

“రానియ్యకపోవచ్చప్పా.” అబద్ధం చెప్పే ఓపిక ఆయనకు లేదు. కొంత దూరం పోయాక, “అమ్ముడుపోయినావా అని అడిగినా నిన్ను. తప్పంతా నాకాడ పెట్టుకొని నీ మీద చెయ్యెత్తినా,” అన్నాడు. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు. కొడుకు వీపుకు నుదురు ఆనించి, నడిరోడ్డని కూడా చూడకుండా ఏడ్చాడు.

వాసుదేవ్ బండి పక్కకు ఆపాడు. వెనక్కి తిరగకుండానే, తన భుజం మీదున్న తండ్రి చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

“పోదాం పా నాయనా,” అన్నాడు, కళ్లు తుడుచుకుని. “నా పని తనవల్లే పోతాదని, అమ్మ ఏమీ తినకుండా కూర్చోనుంటాది.”