నంబరు లేని నాలుగు పిస్తోళ్లు

ఆదివారం ఉదయం 9:10కి ఓరిన్ హాగ్లండ్ శవం అతని షెడ్డులో కనిపించింది.

చూసినవాడు పొరుగు రైతు లోవెల్ స్ట్రాండ్. చర్చికి వెళ్తూ ప్రతి ఆదివారం ఓరిన్‌ని తన పికప్‌లో ఎక్కించుకుపోవడం అతని అలవాటు. హారన్ రెండుసార్లు కొట్టాడు. ఎవరూ రాలేదు. దిగి షెడ్డు తలుపు తోశాడు.

9:42కి డిటెక్టివ్ సార్జెంట్ మార్లిస్ ట్వీట్ అక్కడికి చేరింది. బయట చలి సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద ఉంది. నార్త్ డకోటాలో ఫిబ్రవరికి అది మంచి రోజు కిందే లెక్క.

ఓరిన్ లోహాన్ని చెక్కే మిల్లింగ్ మెషీను ముందు పడి ఉన్నాడు. కుడి కణత మీద గాయం. కుడి చేతికి జానెడు దూరంలో పిస్తోలు. పేలింది ఒక్కటే తూటా. తలుపుకి తాళం లేదు, కానీ ఆ చుట్టుపక్కల ఏ తలుపుకీ ఉండదు.

అనుమానపు చావులకి కారణం తేల్చే కౌంటీ కరోనర్ హార్వే డిల్ మోకాళ్లు పట్టుకుని లేచాడు. శనివారం సాయంత్రం నాలుగుకీ ఆరుకీ మధ్య పోయాడన్నాడు. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి, పెళ్లాం పోయి మూడేళ్లు, పిల్లల్లేరు, కనుచూపు మేరంతా మంచు.

"ఈ చలికాలంలో నాకిది నాలుగోది, మార్లిస్. ఫారంలో ఏం రాయాలో చూడకుండానే చెప్పగలను."

"గురువారం దాకా ఏం రాయకు."

"ఎందుకు?"

మార్లిస్ జేబులోంచి ఒక చీటీ తీసింది. శనివారం మధ్యాహ్నం 3:10కి ఓరిన్ షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. డిటెక్టివ్ ఎప్పుడుంటారని అడిగాడు. సోమవారం తొమ్మిదికని డిస్పాచర్ చెప్పింది. అయితే సోమవారమే వస్తానని పెట్టేశాడు. సోమవారం రావాలనుకున్న మనిషి శనివారమే ఎందుకు పోతాడు?

"ఒంటరివాళ్లు చివర్లో అలాగే ఎవరికో ఒకరికి ఫోన్ చేస్తారు" అన్నాడు డిల్.

ఆ మాట మార్లిస్‌కి గుచ్చుకుంది. ఆమె వయసు యాభై ఒకటి. విడాకులై ఎనిమిదేళ్లు. ఇంట్లో టీవీ వార్తలు చదివే మనిషికి గుడ్ ఈవినింగ్ చెప్పే స్థితికి వచ్చేసింది. ఒంటరితనం గురించి ఆమెకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఓరిన్ ఇంట్లోకి వెళ్లి చూసింది. సింకులో ఒక ప్లేటు, ఒక ఫోర్కు. మళ్లీ షెడ్డులోకి వచ్చింది. అక్కడ బల్ల మీద నాలుగు కాఫీ కప్పులు, పంచదార డబ్బా, బిస్కెట్లు. ఈ మనిషి బతికింది ఇంట్లో కాదు, ఇక్కడ.

పిస్తోలు తిప్పి, అది ఎవరిదో పట్టించే ఫ్యాక్టరీ నంబరు కోసం చూసింది. నంబరు లేదు.

సోమవారం పది గంటలకి కౌంటీ లాయరు గ్లెన్ పకోర్నీ ఆమెకి చట్టం విప్పి చెప్పాడు. చట్టం దృష్టిలో తుపాకీ అంటే ఫ్రేమే, భాగాలన్నీ బిగించే మొండెం. తక్కినదంతా సామాను. ఫ్రేముని సగం చెక్కి వదిలేస్తే అది తుపాకీ కాదనే వాదన మీద ఏళ్ల తరబడి అమ్మకాలు సాగాయి. 2022లో ఫెడరల్ నిబంధన మారి, అమ్మే ఫ్రేములకి నంబరు తప్పనిసరైంది. ఓరిన్ దగ్గరున్నవి అంతకు ముందు కొన్న ఫ్రేములు.

"సొంతానికి చేసుకుంటే మన రాష్ట్రంలో తప్పు లేదు. నంబరూ అక్కర్లేదు" అన్నాడు పకోర్నీ. "అమ్మకానికి చేస్తే మాత్రం లైసెన్సు ఉండాలి."

"చేసేది ఇంకొకడి మెషీను మీదైతే?"

"అక్కడే చిక్కు. మెషీను ఓనరు పని చేసి పెడితే తయారుదారుడు ఓనరే. చెయ్యి పెట్టకపోతే ఆ జడ్జీని బట్టి, ఆ రోజుని బట్టి ఉంటుంది."

ఓరిన్‌కి ఈ సంగతి తెలుసు. షెడ్డులో దొరికిన ఫైలు ఆ మాటే చెబుతోంది. ప్రతి శనివారం ముగ్గురు వచ్చి అతని మెషీను మీద ఎవరి పిస్తోలు వాళ్లు చేసుకునేవారు. అతను డబ్బు తీసుకోలేదు, వాళ్ల పని మీద చెయ్యీ పెట్టలేదు. నోటితో చెప్పేవాడు, అంతే. ఒక్కొక్కరికీ ఒక కాగితం. "నాకు తుపాకీ నిషేధం లేదు. ఈ పని నా చేతులతోనే చేశాను. నాకోసమే, అమ్మను." కింద సంతకం. లోవెల్ స్ట్రాండ్ సంతకం ఉంది. తపాలా బట్వాడా చేసే డార్సీ క్వామి సంతకం ఉంది. ఇళ్లకి ప్రొపేన్ గ్యాసు తెచ్చే ట్యాంకర్ నడిపే కిప్ రాడెమాకర్ కాగితంలో పదకొండు శనివారాల తేదీలు ఓరిన్ చేతిరాతలో ఉన్నాయి. సంతకం చోటు ఖాళీ.

ఫైలు వెనక అరలో పేపరు ముక్క ఒకటి కనిపించింది. పడమటి చమురు క్యాంపులో నంబరు లేని పిస్తోలుతో ఎవడో పట్టుబడ్డాడని వార్త. పక్కన ఆ పిస్తోలుని విప్పి తీసిన ఫోటో.

మంగళవారం ముగ్గురినీ విడివిడిగా పిలిపించింది. పిస్తోళ్లు తెమ్మంది. ముగ్గురూ తెచ్చారు. ఎవరిది వాళ్లే చేసుకున్నామనీ, శనివారం రెండున్నరకల్లా అందరం వెళ్లిపోయామనీ ముగ్గురూ ఒకే మాట చెప్పి సంతకాలు చేశారు. నాలుగింటి తర్వాత ఎక్కడున్నారో చెప్పడానికి ఎవరికీ సాక్షుల్లేరు. ఫిబ్రవరిలో ఆ ఊళ్లో సాక్షులు ఎక్కడ దొరుకుతారు, అందరూ ఎవరి ఇంట్లో వాళ్లే.

లోవెల్ ఒక్కడే అడగని మాట చెప్పాడు. డిసెంబరులో ఓరిన్ సంతకం పెట్టమని కిప్‌ని అడిగాడట. వచ్చే వారం చూద్దామన్నాడు కిప్. ఆ తర్వాత రెండు శనివారాలు కనిపించలేదు. మళ్లీ వచ్చాక ఓరిన్ ఆ కాగితం ఊసే ఎత్తలేదు.

ముగ్గురి పిస్తోళ్లు ముగ్గురి దగ్గరున్నాయి. ఓరిన్ తనకోసం చేసుకున్నది షెడ్డు సొరుగులో ఉండేదన్నారు, ఇప్పుడా సొరుగు ఖాళీ. అంటే నేల మీద దొరికింది ఓరిన్‌దే అయ్యుండాలి. మార్లిస్ లెక్క కూడా అక్కడికే తేలింది. డిల్ ఫారం నింపడానికి పెన్ను మూత తీశాడు.

మధ్యాహ్నం 3:20కి ఓరిన్ అక్క వెర్నా హాగ్లండ్ వచ్చింది. డెబ్బై నాలుగేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఓరిన్ ముప్పై నాలుగేళ్లు పనిముట్లు చేసిన ట్రాక్టర్ సామాన్ల ఫ్యాక్టరీలోనే ఆమె ఇన్‌స్పెక్షన్ బల్ల దగ్గర ఇరవై ఏళ్లు కూర్చుంది. బాగాలేని ముక్కని పక్కకి తొయ్యడమే ఆమె ఉద్యోగం. తమ్ముడింటికి ఆరు మైళ్ల దూరంలో ఉంటుంది. ఆ నంబరు లేని తుపాకుల గురించి గొడవపడి రెండేళ్లుగా అతనితో మాట్లాడలేదు.

ఆమె కోటు కూడా విప్పలేదు.

"వాడే ప్రాణం తీసుకున్నాడా, అమ్మాయ్? నాకది తెలియాలి. తెలియకపోతే నేను బతికి ఉన్నన్నాళ్లూ నా వల్లే అనుకోవాలి."

"కరోనర్ అలాగే అనుకుంటున్నారండీ."

"దేనితో?"

మార్లిస్ పిస్తోలుని విప్పి తీసిన ఫోటో ముందు పెట్టింది. మనసులో కాస్త భయంగానే ఉంది. పెద్దావిడ, తట్టుకోగలదో లేదో. వెర్నా కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఫోటోని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. చాలాసేపు చూసింది. ఫ్రేము లోపలి అంచుల మీద సన్నటి అలలు. ఒకచోట మెషీను కట్టరు ఎడమకి జారి మళ్లీ దారిలోకి వచ్చిన గీత.

"ఇది మావాడి పని కాదు."

"వయసు మీద పడింది కదండీ. చెయ్యి వణికి ఉండొచ్చు."

"వణికితే ఆ ముక్కని కరిగించేవాడు. తెలిసీ దాచుకునేవాడు కాదు. ఇరవై ఏళ్లలో వాడి ముక్క ఒక్కటీ తిప్పి పంపలేదమ్మా నేను. ప్రయత్నించక కాదు, తప్పు దొరక్క." ఫోటో వెనక్కి తోసింది. అచ్చం ఇన్‌స్పెక్షన్ బల్ల మీదిలాగే, ఎడమ చేత్తో, పక్కకి. "ఇది మొదటిసారి నేర్చుకునేవాడిది."

మార్లిస్‌కి ఒళ్లు మండింది, తన మీద తనకే. మూడు రోజులుగా ఆ తుపాకీ మీద నంబరు కోసం చూసింది గానీ పని చూడలేదు. సాక్ష్యాల గదికి వెళ్లి, ముగ్గురూ తెచ్చినవి ముందు పెట్టుకుని భూతద్దం తీసింది. సాయంత్రం 5:15కి జడ్జీ దగ్గర సోదా వారంటు అడిగింది.

బుధవారం పది గంటలు. ఓరిన్ షెడ్డులో లోవెల్, డార్సీ, కిప్ వరసగా నిలబడ్డారు. పకోర్నీ తలుపు దగ్గరున్నాడు. బల్ల మీద నాలుగు పిస్తోళ్లు, నాలుగు చీటీలు.

"ఒకే ప్రశ్న" అంది మార్లిస్. "మీ పిస్తోలు ఎవరు చేశారు?"

లోవెల్ తనే చేశానన్నాడు. చూస్తేనే తెలుస్తుందిగా, మా ఆవిడ దాన్ని ముళ్లపంది అంటుందన్నాడు. డార్సీ కూడా తనే చేసింది, రెండుసార్లు ఏడ్చి.

"నువ్వు, కిప్?"

కిప్‌కి ముప్పై ఎనిమిదేళ్లు. నవ్వు మొహం. ఓరిన్ ఇంటి గ్యాసు ట్యాంకు నింపడానికి వచ్చి, కాఫీకి ఆగి, అలా శనివారాలకి అలవాటు పడినవాడు.

"నేనే, మేడమ్. నా రెండు చేతులతో. ఓరిన్ వేలు కూడా పెట్టలేదు. చట్టం అదే కదా."

"అదే. నిన్న రాసిచ్చింది కూడా అదే. లోవెల్, కాస్త ఇతనిది చూడండి."

లోవెల్ గ్లవ్స్ వేసుకుని దాన్ని వెలుతురు వైపు తిప్పాడు. అద్దంలా ఉంది. ఎక్కడా ఒక గీత లేదు.

"ఇది నువ్వు చేశావా? నువ్వు మెషీను పట్టుకుంటే ఓరిన్ చూడలేక అటు తిరిగి కాఫీ తాగేవాడు కదయ్యా."

"తర్వాత ఇంట్లో కూర్చుని సాపు చేశాను."

మార్లిస్ అలమారలోంచి ఇంకా చెక్కని ఫ్రేము ఒకటి తీసి కిప్ ముందు పెట్టింది.

"మెషీను ఉంది. నీ రెండు చేతులూ ఉన్నాయి. ఒక్క అంచు చేసి చూపించు."

కిప్ దాన్ని ముట్టుకోలేదు.

"సరే. ఇది ఓరిన్‌ది" అన్నాడు చివరికి. "నాకు ఇచ్చాడు."

"నిన్న అలా రాయలేదు" అన్నాడు పకోర్నీ.

మార్లిస్ గొంతు పెంచలేదు. ఓరిన్‌కి తన పిస్తోలు ఒకటి ఉంది, దాన్ని సొరుగులో పెట్టుకునేవాడు. కిప్‌కి ఒకటి ఉంది. దేని మీదా నంబరు లేదు. శనివారం కిప్ తన దానితో కాల్చాడు. దాన్ని ఓరిన్ చేతి పక్కన వదిలి, సొరుగులోది తీసుకుపోయాడు. ఏది ఎవరిదో దేవుడు కూడా చెప్పలేడనుకున్నాడు. అడిగితే నేనే చేశానని చెప్పాలి, చట్టప్రకారం సరైన జవాబు అదే కాబట్టి. ఆ జవాబే అతన్ని పట్టించింది. ముప్పై నాలుగేళ్ల పనితనాన్ని పదకొండు శనివారాల్లో నేర్చానన్నాడు.

"ఈ ఉదయం 8:30కి నీ గరాజులో ఇంకో రెండు దొరికాయి. రెండిట్లోనూ కట్టరు ఎడమకి జారింది. అదే చోట. పేపరు ఫోటోలో ఉన్నదీ నీదే. ఓరిన్ ఆ ఫోటో చూసి గుర్తుపట్టాడు."

కిప్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"సోమవారం మీ దగ్గరికి వెళ్తున్నానని ఫోన్ చేసి చెప్పాడు. తోడు రమ్మన్నాడు. ఇద్దరం కలిసి చెబుదాం, నీకు లాయర్ని కూడా చూస్తానన్నాడు. నా దగ్గర కొన్నవాళ్ల పేర్లు నేను చెప్తే వాళ్లు నన్ను బతకనివ్వరు. వద్దని చెప్దామనే వెనక్కి వచ్చాను." చేతుల వైపు చూసుకున్నాడు. "నాకు కాఫీ పోస్తున్నాడు అప్పుడు."

డార్సీ ఏడుపు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం 2:30కి మార్లిస్ వెర్నా ఇంటికి వెళ్లింది. ఫోన్లో చెప్పొచ్చు. కానీ ఫోన్లో చెప్పే మాట కాదనిపించింది. జరిగిందంతా వరసగా చెప్పింది. వెర్నా వంటింటి బల్ల మీద చేతులు పెట్టుకుని విన్నది.

"అయితే వాడు ప్రాణం తీసుకోలేదు."

"లేదండీ. మీరన్నది నిజం."

వెర్నా తల ఊపింది. ఆమె కళ్లు తుడుచుకోవడం అయ్యేదాకా మార్లిస్ కిటికీలోంచి మంచుని చూస్తూ కూర్చుంది.

"ఆ కిప్ అమ్ముతాడని మావాడికి ముందే అనుమానం ఉందా?"

మార్లిస్‌కి అబద్ధం చెప్పాలనిపించింది. ఎలాగూ కోర్టులో బయటికొస్తుంది. ఒకసారి సంతకం అడిగాడనీ, కిప్ రెండు వారాలు మానేశాడనీ, తర్వాత ఓరిన్ మళ్లీ అడగలేదనీ చెప్పింది.

"అడిగితే వాడు మళ్లీ రాడని."

"అనుకుంటానండీ."

"నేనూ అంతే" అంది వెర్నా. "చేస్తే మావాడు ఎత్తడేమోనని ఫోను చెయ్యలేదు. ఆరు మైళ్లు."

మార్లిస్ తన పనికి సంబంధించిన మాటే చెప్పింది. రేపు కరోనర్ ఫారంలో ఆత్మహత్య అని ఉండదు, హత్య అని రాస్తారు, అది మీకు పంపిస్తాను.

"రాయనీ. మరి ఈ రెండేళ్ల సంగతి ఎక్కడ రాస్తారమ్మా?"

"అది ఎక్కడా రాయరండీ" అంది మార్లిస్.